భయానికి ఒకటి

మూడుకాళ్ళ స్టాండులో రెండు కాళ్ళు రాతి మీద కుదురుకున్నాయి. మూడోది మొండికేసింది. ఆయన దాని కింద ఒక చెక్కముక్క దోపి, మట్టం చూసే గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా మోకాళ్ళ మీద కూర్చుని సవరించాడు. గాలికి కెమెరా వణక్కుండా సంచీ నిండా రాళ్ళు ఏరి స్టాండు నడుమ వేలాడదీశాడు. అప్పుడు లేచి, నడుం పట్టుకుని, ఎదురుగా చూశాడు. చూడటానికి ఇంకా ఏమీ లేదు. లోయ నిండా మంచు, పాలు పొంగి నిలిచిపోయినట్టుంది.

"దీనికోసమా తెల్లారకుండానే లేపి బస్సెక్కించారు?" అంది వెనకనుంచి ఆయన భార్య.

"ఉండు. వస్తుంది."

"ఏం వస్తుంది?"

"ఉండమన్నానుగా!"

ఆయన క్యాలెండర్ల ఫొటోగ్రాఫరు. ఒక ప్రెస్సువాళ్ళు ఏటేటా అచ్చువేసే గోడ క్యాలెండరుకి పన్నెండు బొమ్మలు కావాలి. ఆరు కొండలూ కోనలూ, ఆరు మ్యూజియాల్లో వేలాడే పాత చిత్రాలు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ పన్నెండు బొమ్మల కోసం ఆయన బస్సులెక్కుతున్నాడు, దిగుతున్నాడు. క్యాలెండరు మీద ప్రెస్సు పేరు ఉంటుంది, ఫోను నంబరు ఉంటుంది, ఆయన పేరు ఉండదు. ఫలానా నెల జలపాతం భలే ఉందనే వాళ్ళున్నారు గానీ, ఎవరు తీశారని అడిగిన నాథుడు లేడు. అడగలేదని ఆయనా బాధపడలేదు.

ఆయన గర్వం వేరే ఉంది. మూడువందల డెబ్బై రెండు కాగితాల్లో ఒక్కదానిలోనూ ఆయన నీడ పడలేదు. అద్దం బిగించిన చిత్రాలను తీసినప్పుడు కూడా ఆ అద్దంలో ఆయన ప్రతిబింబం రాలేదు. అది అంత తేలికేం కాదు, ఆ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. అందుకే ప్రెస్సులో ఆయన్ని 'నీడలేనాయన' అంటారు. ఎదురుగానే అంటారు. ఆయన నవ్వుతాడు.

భార్యకు మాత్రం ఆ పేరు వింటే ఒళ్ళు మండుతుంది. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. కూతురి పెళ్ళి ఆల్బమ్ కూడా స్వయంగా ఆయనే తీశాడు. ఇంకొకడు తీస్తే పిల్ల ముక్కు వంకర వస్తుందన్నాడు. ఆల్బమ్ చూసిన వియ్యాలవారి చుట్టమొకావిడ, "అయ్యో, పిల్లకి తండ్రి లేడా?" అంది. తండ్రి ఆ పక్కనే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ రోజు మొదలు భార్యకు ఒకటే కోరిక: ఆయన ఉన్న ఫొటో ఒకటి, ఎలాగైనా, చేతికి రావాలి. ఆయన దగ్గర ఒకటే జవాబు: "తీసేవాడు కనిపిస్తే, తీసింది కనిపించదే."

ఈసారి సామాను మోసే ప్రెస్సు కుర్రాడికి జ్వరం తగిలింది. ఆ నొప్పుల మోకాళ్ళతో ఒంటరిగా పోతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నేనొస్తా. మూట మొయ్యడం నాకు కొత్తా?" అని కెమెరాపెట్టె భుజానికి తగిలించుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ వంటింటి గోడ మీద ఈ కొండలూ లోయలూ నెలకొకటి చొప్పున మారుతూ వచ్చాయి. వాటి కింద గళ్ళలో ఆవిడ గ్యాస్ వచ్చిన రోజూ, కూతురికి మొదటి పన్ను వచ్చిన రోజూ రాసుకుంది. ఒక్క చోటికీ వెళ్ళలేదు.

మంచు కదలడం మొదలైంది. ముందు కుడివైపు ఒక అంచు తేలింది, నల్లగా, తడిగా. తర్వాత దాని కింద ఇంకొకటి. ఎవరో దుప్పటి మెల్లగా లాగుతున్నట్టు లోయ తెరుచుకుంటూ పోయింది. అడుగున ఎక్కడో సన్నటి నది. ఎదుటి కొండ నడుమ నుంచి జలపాతం దారంలా కిందికి జారుతోంది, ఇంత దూరానికి దాని చప్పుడు కూడా రావడం లేదు. ఎండ మొదటి గీత దాని మీద పడగానే ఆ దారం వెలిగింది.

ఆవిడ కెమెరాపెట్టె మీద చతికిలపడిపోయింది. కళ్ళలో నీళ్ళు ఎందుకు వచ్చాయో కూడా ఆవిడకు తెలియలేదు. పక్కకు తిరిగి చూస్తే ఆయన కూడా నోరు తెరుచుకునే ఉన్నాడు. ఇక్కడికి రావడం ఆయనకిది తొమ్మిదోసారి.

"ఇంత ఉందా?" అంది చివరికి. "మన గోడ మీద ఇంతేగా ఉండేది!" అని చేతులతో క్యాలెండరంత కొలత చూపించింది.

"మరి? ఎంత తీసినా ఇంతే వస్తుంది. మిగతాదంతా ఇక్కడే ఉండిపోతుంది," అన్నాడు ఆయన, అదేదో తన తప్పయినట్టు.

మేఘం నీడ తప్పుకునేదాకా ఆగి ఒకటి తీశాడు. వెంటనే, ఏమీ మార్చకుండా, ఇంకొకటి తీశాడు. అది ఆయన పద్ధతి. ఏది తీసినా రెండు. "పనికి ఒకటి, భయానికి ఒకటి," అంటాడు. ఫిల్ము కడిగేటప్పుడు గీత పడొచ్చు, ప్రెస్సులో ఎవడో టీ ఒలకబొయ్యొచ్చు. భయానికి తీసినవి ఎవరూ చూడరు. అలాంటివి ఇంట్లో అట్టపెట్టెల నిండా ఉన్నాయి.

రీలుకి పన్నెండు ఫొటోలు. వెలుగు మారుతున్న కొద్దీ తీస్తూ పోయి పది అయ్యాక ఆపాడు. మిగిలిన రెండూ మ్యూజియానికి. ఇద్దరూ ఆ రాతి మీదే కూర్చుని రొట్టె, ఉడికిన గుడ్లు తిన్నారు. ఆయన సగం గుడ్డు వదిలేశాడు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కిందని రెండుసార్లు విదిలించాడు. "ఇందాక సంచీ నిండా రాళ్ళెత్తారుగా, మరి తిమ్మిరెక్కదూ!" అంది ఆవిడ.

కొండ కింద ఊళ్ళో మ్యూజియానికి ఆ రోజు వారపు సెలవు. ఫొటోలు తీసుకోనిచ్చేది సెలవు రోజునే. తాళాల గుత్తి చూసుకునే ముసలాయన వాళ్ళను లోపలికి తీసుకెళ్ళి, మూడోగదిలో ఒక చిత్రం ముందు నిలబెట్టి, "మీ లోయేనండీ ఇది. రెండొందల ఏళ్ళ నాటిది," అన్నాడు.

ఆవిడ కెవ్వుమన్నంత పని చేసింది. పొద్దున కూర్చున్న రాయి, అదే రాయి, బొమ్మలో ముందుంది. అదే నది, అదే దారంలాంటి జలపాతం. రెండువందల ఏళ్ళ క్రితం ఎవరో మహానుభావుడు సరిగ్గా అక్కడే, మంచు తొలిగేదాకా ఆగి చూసి, అంతా తెచ్చి ఈ గోడకు పెట్టాడు. ఎవరో వేలితో తడిమారని తర్వాత అద్దం బిగించారట.

ఆవిడ భర్త ఆ చిత్రాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు చూశాడు. రంగు పగిలిన చోట్లు చూశాడు. దగ్గరికి పోయి ఊపిరి బిగబట్టి చూశాడు. "నిన్న వేసినట్టుంది," అన్నాడు గుసగుసగా. ఆయన గొంతు అలా మారడం ఆవిడ కూతురు పుట్టిన రోజున ఒకసారి విన్నది, మళ్ళీ ఇదే.

తర్వాత పనిలో పడ్డాడు. అద్దం ఉంటే నల్లబట్ట కావాలి. మంచం దుప్పటంత బట్ట, మధ్యలో కెమెరా కన్ను పట్టేంత గుండ్రటి కంత. దాన్ని కెమెరా ముందు తెరలా కట్టి, కంతలోంచి కన్ను ఒక్కటే బయటపెడితే, అద్దంలో నలుపు తప్ప మరేమీ కనిపించదు. పాతది వెలిసిపోతే మొన్నీమధ్యే ఆవిడ కొత్తది కుట్టింది. చివర్లో నల్లదారం అయిపోయి కంత చుట్టూ నీలిదారంతో కుట్టేసింది. బస్సులో ఎవరి పెట్టో పడి బట్ట కట్టే కర్రల్లో ఒకటి విరిగింది. అందుకని ఆ వైపు మూలను ఆవిడ చెయ్యెత్తి పట్టుకోవాలి.

"ఎనిమిది సెకన్లు. కదలకు," అన్నాడు. కెమెరాను నొక్కే తీగ మీట వేలికి తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. గదిలో వెలుగు తక్కువ, కెమెరా అంతసేపూ చూడాలి. కళ్ళు తెరిచి ఉంటే బొమ్మలో పడిపోయి లెక్క తప్పుతానని ఆయన భయం. ఎనిమిది లెక్కపెట్టి కళ్ళు తెరిచాడు. పనికి ఒకటి అయింది.

"ఇంకొకటే మిగిలిందిగా," అంది ఆవిడ. "ఏమండీ, ఆ భయం ఫొటో మానేసి, ఈ ఒక్కటీ మీది తీయించుకోకూడదూ? ఈ పెద్దాయన నొక్కుతారు."

"నొక్కుతానండీ, అదెంత పని?" అన్నాడు తాళాలాయన.

"భయానికి ఒకటి ఉండాలే," అన్నాడు ఆయన. ఇంక మాట్లాడి లాభం లేదని ఆవిడకు తెలుసు. మూతి ముడుచుకుని మూల పట్టుకుంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఒకటి..."

సరిగ్గా అప్పుడే మబ్బు తొలిగి, పై కిటికీలోంచి ఎండ గదిలోకి దిగింది. ఆ వెలుగులో ఆవిడకు చిత్రంలో రాతి అంచున వేలిగోరంత మనిషి కనిపించాడు. వీపు ఇటు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, లోయకేసి చూస్తున్నాడు. పొద్దున ఈయన నిలబడ్డట్టే. ఆవిడ మెడ ముందుకు సాచి అలాగే ఉండిపోయింది. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దిగిందో తెలియదు. "ఎనిమిది" అని వినపడగానే ఉలిక్కిపడి బట్ట మూల గబుక్కున పైకెత్తింది.

"పట్టుకునే ఉన్నావా?"

"ఉన్నా," అంది. పచ్చి అబద్ధం.

తప్పు కప్పిపుచ్చుకోవడానికి మాట మార్చి, "ఆ మనిషెవరు?" అని వేలు చూపించింది.

"వేసినాయనేనంటారు. తనని తాను వేసుకున్నాట్ట," అన్నాడు తాళాలాయన.

"చూశారా?" అని ఆవిడ భర్త వైపు తిరిగింది. "వేసినాయన ఉన్నాడుగా! లోయ ఎక్కడికైనా పోయిందా?"

ఆయన వంగి చూశాడు. ముప్ఫై ఏళ్ళ కన్ను, అంతసేపు వెతికిన కన్ను, ఆ మనిషిని చూడనేలేదు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచాక మొహంలో పట్టుదల లేదు, ఏదో సంతోషం ఉంది.

"సరే పద. బస్టాండు దగ్గర స్టూడియో ఉంది. తీయించుకుందాం. ఇద్దరం," అన్నాడు.

ఆవిడ నమ్మలేదు. దారి పొడుగునా జుట్టు సవరించుకుంటూనే ఉంది. స్టూడియోకి తాళం వేసి ఉంది. మ్యూజియానికి సెలవైతే ఆ ఊరంతటికీ సెలవే. మూసిన తలుపు ముందు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

"వచ్చే వారం. ఒట్టు," అన్నాడు ఆయన.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నపు ఎండలో కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా పోతున్నాయి. "ఎంత బాగుందే," అన్నాడు ఒకసారి. తర్వాత తల ఆవిడ భుజం మీద వాల్చాడు. రెండు మలుపులు దాటాక ఆవిడకు మనసు ఆగలేదు.

"ఏమండీ, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. రెండోసారి నా చెయ్యి జారింది. ఆ మనిషిని చూస్తూ బట్ట వదిలేశాను. భయానికి తీసిందేగా, పోనీలెండి."

ఆయన పలకలేదు. కోపం వచ్చిందనుకుంది. నిద్రపోయాడనుకుంది. బస్సు ఊళ్ళో ఆగి, అందరూ దిగి, కండక్టరు వచ్చి, "అమ్మా, ఆయన్ని లేపండి," అన్నాక ఆ చెయ్యి పట్టుకుని చూసింది. అప్పటికే అది చల్లగా ఉంది.

గోడకు పెట్టడానికి ఫొటో కావాలన్నారు అందరూ. కూతురు అట్టపెట్టెలన్నీ తిరగేసింది. కొండలు, నదులు, సముద్రాలు, కొండలు. నాన్న మాత్రం ఎక్కడా లేడు. "ఒక్కటి కూడా లేదేంటమ్మా?" అని పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చింది.

తొమ్మిదో రోజున ప్రెస్సులో ఫిల్ములు కడిగే ఆయన వచ్చాడు. రీలు తనే కడిగానన్నాడు. పదకొండు ఫొటోలు ప్రెస్సులో ఇచ్చేశానన్నాడు. పన్నెండోది కవరులోంచి తీసి ఆవిడ చేతిలో పెడుతూ, "ఇన్నేళ్ళలో ఆయన చేసిన తప్పు ఇదొక్కటేనమ్మా," అని కళ్ళు తుడుచుకున్నాడు.

లోయ ఉంది. నది ఉంది. రాతి అంచున వేలిగోరంత మనిషి ఉన్నాడు. అతని పక్కనే, అద్దంలో, ఎండలో తడిసి ఇద్దరున్నారు. మెడ సాచి చూస్తున్న ఆవిడ, కళ్ళు మూసుకుని, పెదవులు కొద్దిగా విడివడి, లెక్కపెడుతున్న ఆయన. జలపాతం ఆయన చొక్కా మీదుగా కిందికి దిగుతోంది. ఆవిడ కళ్ళార్పకుండా చూసింది. తప్పు చేసింది ఆయన కాదని, తనేనని చెప్పాలనుకుంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది.

ఫొటోకి అద్దం కట్టించి గదిలో వేలాడదీశారు. ఎదురుగా ఉన్న కిటికీ ఆ అద్దంలో తెల్లగా మెరిసి ఆయన మొహం కనిపించకుండా చేసింది. ఆవిడ సంచీలోంచి నల్లబట్ట తీసి, దులిపి, కిటికీకి అడ్డంగా కట్టింది. మెరుపు పోయింది, ఆయన కనిపించాడు. కిటికీ మీద నల్లబట్ట గాలికి మెల్లగా కదులుతోంది, దాని నడుమ నీలిదారం కుట్టిన కంతలోంచి గుండ్రటి ఎండ గదిలోకి వస్తోంది.