వదలని చెయ్యి

నూట నలభై మూడోసారి అతను మోచెయ్యి ఎత్తాడు. చిన్న బాణంలాంటి ఆ డార్టు కొస కుడికంటి ఎత్తుకు వచ్చి, కాస్త వెనక్కి వెళ్లి, ముందుకు కదిలి, అక్కడే ఆగిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ దాని కాడను పట్టుకుని వదలమంటే వదలనన్నాయి. చెయ్యి దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తాడు. ఈసారి వెళ్లింది. బట్టలుతికే మెషీనుకూ దుప్పట్ల బీరువాకూ మధ్య గోడ మీద వేలాడుతున్న బోర్డులో, అనుకున్న చోటికి బెత్తెడు దూరంలో గుచ్చుకుంది.

ఉదయం ఏడైంది. భార్య ఐదింటికే ఆసుపత్రి వంటగదిలో డ్యూటీకి వెళ్లిపోయింది. ఇంట్లో అతనూ, బోర్డూ తప్ప ఎవరూ లేరు. పొట్ట ముందుకు వచ్చింది, జుట్టు వెనక్కి పోయింది. చూసినవాళ్లు ఏ గిడ్డంగి గుమాస్తానో అనుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అతను చేసిన పని ఇదొక్కటే.

ఒకప్పుడు అతన్ని గడియారం అనేవారు. మూడు డార్టులూ ఒకే లయలో టిక్కు, టిక్కు, టిక్కుమని వెళ్లేవి. ముప్పై మూడో ఏట పెద్ద పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. టీవీలో వేశారు. వ్యాఖ్యాత ఆ పేరును సాగదీసి అరిస్తే హాలంతా టిక్కు, టిక్కుమని వంత పాడింది. ఆ చలికాలమంతా బస్సులో మనుషులు లేచి సీటిచ్చారు. ఎండలు వచ్చేసరికి మానేశారు. ఆ తర్వాత ఏ పోటీలోనూ మూడో రౌండు దాటలేదు.

ఆరేళ్ల కింద చెయ్యి మొరాయించడం మొదలుపెట్టింది. డాక్టరు వేళ్లు నొక్కి, సూదులు గుచ్చి చూసి చేతికేం లేదన్నాడు. నిజమే, అదే చేత్తో బంగాళాదుంపల తొక్క తీస్తాడు, బల్బు మారుస్తాడు. డార్టు పట్టుకుంటేనే వేళ్లు బిగుసుకుంటాయి. తోటి ఆటగాళ్లు దాని పేరు ఎత్తరు. అంటుకుంటుందేమో అన్నట్టు పక్క కుర్చీలోంచి లేచి వెళ్లిపోతారు.

ఆ రోజు అర్హత పోటీ. మొదటి రౌండు గెలిస్తే, పెద్ద పోటీల్లో ఆడనిచ్చే ప్రొఫెషనల్ కార్డు ఇంకో ఏడాది ఉంటుంది. లేకపోతే లేదు. రెండు బస్సులు మారి, ఊరి చివర రేకుల షెడ్ల మధ్య ఉన్న హాలుకు చేరాడు. లోపల ముప్పై రెండు బోర్డులు, ట్యూబులైట్లు, మడత కుర్చీలు. చూసేవాళ్లంటే ఆటగాళ్ల తాలూకు మనుషులే. అతనిది గోడవారగా, మరుగుదొడ్ల తలుపు పక్కన ఉన్న ఇరవై తొమ్మిదో బోర్డు.

ప్రత్యర్థి బడిపంతులు, నలభై ఏళ్లుంటాయి. సెలవు రోజుల్లో సరదాకి ఆడతాడట. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మిమ్మల్ని టీవీలో చూసే నేను మొదలుపెట్టానండీ. ఇవాళ మీతో ఆడటం నా అదృష్టం."

అతను తలాడించాడు. అదృష్టం ఎవరిదో కాసేపట్లో తేలుతుందిలే అనుకున్నాడు.

ఐదు వందల ఒకటి నుంచి తగ్గించుకుంటూ సున్నాకు రావాలి. ఆఖరి డార్టు బోర్డు అంచున, అంకెను రెట్టింపు చేసే సన్నటి డబుల్ వలయంలో పడాలి. అలా ముందు ఆరు గేములు గెలిచినవాడిది ఆట. అతను నేర్చుకున్న కిటుకులన్నీ వాడాడు. మోచెయ్యి రెండుసార్లు ఉత్తుత్తినే ఎత్తి మూడోసారి విసిరాడు, పళ్ల మధ్య గాలి ఊదుతూ విసిరాడు. ఎలాగో ఐదు, ఐదు అయింది. ఆఖరి గేములో అతనికి ముప్పై రెండు మిగిలింది. డబుల్ పదహారు. చేతిలో మూడు డార్టులు.

మొదటిది తీగకు తగిలి బయట పడింది. రెండోదానికి చెయ్యి నాలుగుసార్లు ఎత్తి దించాడు. అది కూడా బయటే. మూడోది ముందుకు వెళ్లి ఆగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఆగింది. వెనక ఎవరో గడియారం ఆగిపోయిందిరా అన్నారు, ఇద్దరు నవ్వారు. దానికి అతను నొచ్చుకోలేదు. పంతులు మాత్రం నవ్వలేదు. చూడకూడనిదేదో చూసినట్టు మర్యాదగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. అది అతను భరించలేకపోయాడు. వేళ్లు ఒక్కసారిగా సడలాయి. డార్టు బూటు పక్కన నేల మీద పడింది.

పంతులు రెండు డార్టుల్లో ముగించాడు. క్షమించండి అన్నాడు. అతను నిర్వాహకుల బల్ల దగ్గరికి వెళ్లి, మెడలోని ప్రొఫెషనల్ కార్డు తీసి అక్కడి అమ్మాయికి ఇచ్చాడు. ఆమె అతని పేరు చూసుకుని, ఒక గీత గీసి, కార్డును అట్టపెట్టెలో వేసింది. అతను వెంటనే కదల్లేదు. కాసేపు ఆ బల్ల దగ్గరే నిలబడి, తర్వాత బస్సెక్కాడు.

ఇంటికి వచ్చేసరికి రెండున్నర. భార్య డ్యూటీ దిగి వచ్చి, వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తోంది. చేతిసంచీ గుమ్మం పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"పోయిందా?"

"పోయింది. ముప్పై రెండు దగ్గర."

"డబుల్ పదహారు," అంది ఆమె తలెత్తకుండా.

అతను ఆమెను మొదటిసారి చూసింది ఆమె డార్టులు పట్టుకుని ఉండగానే. క్లబ్బులో వరసగా మూడు ఆదివారాలు ఆమె చేతిలో ఓడిపోయాడు. నాలుగో ఆదివారం పెళ్లి చేసుకుందామా అని అడిగాడు. రెండేళ్లు ఇద్దరూ కలిసి పోటీలకు తిరిగారు. ఇంటికి వచ్చిన కప్పుల్లో ఎక్కువ ఆమెవే. అమ్మాయి పుట్టింది. ఒకరు ఇంట్లో ఉండాలి, ఒకరికి నెల జీతం రావాలి. ఆ ఒకరూ ఈ ఒకరూ ఆమే అయింది. ఎవరన్న చర్చే రాలేదు. సెమీఫైనల్ ఏడాది విలేకరులు అడిగినప్పుడల్లా, మా ఇంట్లో అసలు ఛాంపియన్ మా ఆవిడేనండీ అని అతను నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవారు.

"నువ్వయితే కొట్టేసేదానివి," అన్నాడు ఇప్పుడు.

ఆమె చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పెట్టేసింది.

"ఆ మాట టీవీలో చెప్పారు, పేపర్లకి చెప్పారు, ఊరంతా నవ్వుకున్నారు. ఒక్కరోజంటే ఒక్కరోజు, ఇవాళ నువ్వెళ్లు, పిల్లని నేను చూసుకుంటా అన్నారా?"

ఆమె గొంతు పెంచలేదు. అతను గుమ్మం వైపు చూశాడు. కాసేపు పడుకుంటానని లేచాడు. టీ తాగుతారా అని ఆమె అడగలేదు.

నాలుగున్నరకు కూతురు ఫోన్ చేసింది. ఆట ఏమైందో నాన్నని అడుగుతాను ఇమ్మంది. ఆమె గదిలోకి వెళ్లింది. అతను గోడవైపు తిరిగి, మోకాళ్లు కాస్త ముడుచుకుని ఉన్నాడు. పడుకున్నారే అని చెప్పబోయి, భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉంచి, మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. పడుకున్న అరగంటకే గుండె ఆగి ఉంటుందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు. కోపంలో ఆమె ఆ గంటన్నరా గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది.

నలుగురూ వచ్చి వెళ్లారు. డార్టులు కూతురు తీసుకుంది. ఐదో రోజు భార్య గుమ్మం పక్కనున్న సంచీ ఖాళీ చేసింది. తువ్వాలు తీసింది, బస్సు టికెట్లు తీసింది. అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. వచ్చే నెల మహిళల పోటీకి దరఖాస్తు. మీద అతను ఓడిపోయిన రోజు తేదీతో హాలు వాళ్ల ముద్ర ఉంది. తాను అడగకూడదనుకుని ఇరవై ఐదేళ్లు దాచుకుని ఆ మధ్యాహ్నం అడిగేసిన మాటకు అతను గుమ్మం వైపు ఎందుకు చూశాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆమె నిలబడే చదివింది. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి. పేరు దగ్గర ఆమె పెళ్లికి ముందు ఆడిన పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా ఉంది. అనుభవం దగ్గర 'నాకంటే ఎక్కువ' అని రాసి, మళ్లీ బుద్ధిగా కొట్టేసి, రెండేళ్లు అని వేశాడు. పుట్టిన తేదీ గడిలో ఏదో నెల రాసి కొట్టేశాడు, ఇంకో నెల రాసి దాన్నీ కొట్టేశాడు, చివరికి గడిని ఖాళీగా వదిలేశాడు.