తుడవని అడుగు

త్రిమూర్తులు గడప దాటి లోపలికి రావడం, సత్యకుమారి చేతిలోకి తడిగుడ్డ రావడం ఒకేసారి జరిగేవి. ఆయన హాల్లోంచి గదిలోకి, గదిలోంచి పెరట్లోకి నడిచిన దారంతా ఆవిడ నడుం వంచి వెనకాలే తుడుచుకుంటూ వెళ్ళేది. చూసేవాళ్ళకి ఆ నేల మీద తుడవడానికేమీ కనిపించదు. అక్కడో పాదం, ఇక్కడో పాదం, నీళ్ళ తడిలా మెరుస్తుంది, అంతే. కానీ అది నీళ్ళు కాదు, అరటి కర. ఆయనది రావులపాలెం మార్కెట్లో గెలల వ్యాపారం. లక్ష్మీదేవిలాంటి గెలల మధ్య చెప్పులేసుకుని తిరక్కూడదని ఆయన నమ్మకం. కోసిన గెల కాడలోంచి కారేటప్పుడు ఆ కర మంచినీళ్ళంత తేటగా ఉంటుంది. ఆరిందంటే నల్లబడిపోతుంది, ఇక ఏం పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు. అందుకని ఆరేలోపే తుడవాలి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ముందు అదే తుడవాలి. ఈ సంగతి సత్యకుమారికి ఎవరూ చెప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి తెలియక ఆరనిచ్చి, పొద్దుగూకేదాకా ఇటుకపొడి పెట్టి తోమి తోమి తనే తెలుసుకుంది.

"గృహప్రవేశంనాడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది చూడండి మా నేల. టైల్స్ అంటే అలాంటివి తేవాలండి మరి!" అని త్రిమూర్తులు ఇంటికొచ్చిన వాళ్ళతో అంటూ ఉంటే, సత్యకుమారి వాళ్ళకి కాఫీ అందిస్తూ ఉండేది.

ఆ టైల్స్ అద్దాల్లాంటివి. మొహం కనిపిస్తుంది గానీ కాలు నిలవదు. పోయిన వానాకాలం అలా తుడుచుకుంటూ వంటింటి మలుపు తిరిగేసరికి, తను తుడిచిన తడి మీదే తన కాలు జారింది. పడడం పడడం కుడిచెయ్యి కిందేసుకు పడింది. మణికట్టు విరిగింది. రాజమండ్రిలో కట్టు వేయించుకుని వచ్చేదాకా కారులో త్రిమూర్తులు అన్న మాట ఒకటే: "కింద చూసుకుని నడవొద్దూ?" ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు రత్నమాణిక్యం అందుకుంది. "కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఎంత ఒద్దిగ్గా తల దించుకుని నడిచేదీ! ఇప్పుడు చూపంతా పైనే." కట్టు విప్పేదాకా ఎడంచేత్తోనే వండింది, వడ్డించింది, తుడిచింది. "ఎడంచేత్తో వడ్డిస్తున్నావేంటే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అని కూడా అనిపించుకుంది. కింద చూసుకోకపోవడమేంటి, పెళ్ళయిన దగ్గర్నుంచీ తను చూసింది కింద తప్ప ఇంకెక్కడ అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

సత్యకుమారికి మొదట్నుంచీ భయాలెక్కువ. ఏడో తరగతిలో చదువు మానిపించారు గానీ, భయపడడంలో మాత్రం పెద్ద చదువే చదివిందని త్రిమూర్తులు వేళాకోళం. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందని భయం, మోగకపోతే అంతకన్నా భయం. గ్యాసు కట్టేసి కూడా మళ్ళీ వెళ్ళి చూస్తుంది. ఇక చెయ్యి విరిగాక, ఇంట్లో కాలు జారే చోటల్లా గోనెపట్టాలు పరిచింది. వాటికి తట్టుకుని అందరూ తూలుతుంటే, "ఇది ఇల్లా, ధాన్యం గోడౌనా?" అని అత్తగారు విసుక్కునేది.

అలాంటి ఇంటికి హారతి పురిటికి వస్తోంది.

ఒక్కగానొక్క కూతురు. విశాఖపట్నంలో ఉద్యోగం. ఏడో నెల. సీమంతం అయిన మర్నాడే తీసుకొచ్చేస్తామని వియ్యాలవారికి మాటిచ్చారు. ఆ మాట ఇచ్చిన రోజునుంచీ సత్యకుమారికి కంటిమీద కునుకు లేదు. తనకి జారింది, చెయ్యి విరిగింది, సరే. అదే చోట, అదే మలుపులో, నిండు నెలల పిల్ల, పొట్ట అడ్డమొచ్చి తన పాదాలు తనకే కనిపించని పిల్ల, తడి కాలేస్తే? అక్కడితో ఆలోచన ఆపేసి దేవుడికి దణ్ణం పెట్టుకునేది. పెట్టుకుంటూనే మళ్ళీ అక్కడికే వెళ్ళేది. నిండు గర్భిణికి 'కింద చూసుకుని నడవవే' అని ఎలా చెప్పడం? ఆ పిల్ల చూసినా కనిపించదు కదా.

జాకెట్టు కుట్టించుకోడానికి ఉషారాణి టైలరింగ్ షాపుకి వెళ్ళినప్పుడు ఆ నేల చూసింది. కొయ్యరంగులో, కొంచెం గరుగ్గా, కాలికి మెత్తగా ఉంది. ఎవరో నీళ్ళసీసా తన్నేస్తే సత్యకుమారి ఆ తడి మీదే నడిచింది. కాలు జారలేదు. అక్కడే నిలబడిపోయి మళ్ళీ నడిచింది. మళ్ళీ. "ఏంటక్కా, మా షాపులో వాకింగు మొదలెట్టావేంటి?" అని ఉషారాణి నవ్వింది. వినైల్ ఫ్లోరింగ్ అట, ఒక రకం ప్లాస్టిక్ షీటు. ఉన్న టైల్స్ పగలగొట్టక్కర్లేదట, దాని మీదే పరిచి అతికించేస్తారట.

ఆ మాట ఇంట్లో అంటే త్రిమూర్తులు ముందు ఎగిరిపడ్డాడు. తర్వాత బారసాలకి వియ్యాలవారు ఇల్లు చూస్తారన్న సంగతి గుర్తొచ్చి, సరేనన్నాడు. శనివారం రాజమండ్రిలో షాపుకి ఇద్దరూ వెళ్ళారు. షాపు నడిపే రాజేంద్ర కుర్చీ వేసింది ఒకరికే. "సార్, ఇది చూడండి. మార్బుల్ ఫినిష్. మిల్కీ వైట్. గ్లాసీ. లైటు వేస్తే ప్యాలెస్ లాగుంటుంది సార్. మరక అంటనే అంటదు." సత్యకుమారి పక్కన నిలబడి, గరుగ్గా ఉన్న గోధుమరంగు షీటు మీద చెయ్యి వేసి చూస్తోంది. "అది క్లినిక్కులకీ, ప్లేస్కూళ్ళకీ వేస్తారు మేడమ్," అన్నాడు రాజేంద్ర, ఆ షీటు అక్కడుండడమే పొరపాటన్నట్టు.

"విన్నావా? నీ భయాలు నమ్ముకుంటే ఇంటిని ఆస్పత్రి చేసేస్తావు," అన్నాడు త్రిమూర్తులు. "తెల్లదే ఖాయం రాజేంద్ర గారూ. సోమవారం వచ్చి ఆర్డరిస్తాను."

 సత్యకుమారి మెట్లు దిగేముందు వెనక్కి తిరిగి, "ఈ రెండు రకాలూ పీటంతేసి ముక్కలుంటే ఇస్తావా బాబూ?" అని అడిగింది. ముక్కలే కదా అని ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే గడప లోపల గోనెపట్టా తీసేసింది. అక్కడ రెండు ముక్కలూ పక్కపక్కనే, ముందు తెల్లది, దాని తర్వాత గోధుమరంగుది, కదలకుండా టేపు వేసి అంటించింది. త్రిమూర్తులు మార్కెట్ నుంచి వచ్చాడు. "ఓహో, అప్పుడే పరిచేశావే! చూశావా, తెల్లదెలా వెలిగిపోతోందో," అంటూ దాని మీద అడుగేసి, రెండో ముక్క మీద ఇంకో అడుగేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఎప్పట్లాగే సత్యకుమారి చేతిలోకి గుడ్డ వచ్చేసింది. హాలంతా తుడిచింది. గడప దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తెల్లముక్క మీద పాదం తడితడిగా మెరుస్తోంది. వంగింది. లేచింది. తుడవకుండా ఉండడం ఇంత కష్టమని ఆవిడకి ఇంతవరకూ తెలీదు. వంటింట్లోకి వెళ్ళి పప్పు ఎసట్లో పోసింది, మళ్ళీ వచ్చి చూసింది. మెరుపు తగ్గుతోంది. ఎవరైనా వస్తే ఏమంటారు? ఇల్లాలు ఏం చేస్తోందంటారు. నడుం తనంతట తనే వంగబోతుంటే, గుడ్డ తీసుకెళ్ళి పెరట్లో దండెం మీద ఆరేసి వచ్చింది. నేల మీద ఆయన అడుగొకటి ఆరిపోతుంటే కూర్చుని చూడడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి పాదం నల్లగా తేలింది. మడమ, అరికాలు, అయిదు వేళ్ళు, అచ్చు వేసినట్టు. ఒక పక్కన సబ్బు పెట్టి రుద్దింది. నిమ్మచెక్క పెట్టింది. కిరసనాయిలు పెట్టింది. మెరుపు పోయింది గానీ నలుపు పోలేదు. గోధుమరంగు ముక్క మీద కూడా కర ఉంది, లేదనడానికి వీల్లేదు. కానీ వెతికితే గానీ కనబడదు. దాని మీద చెంబుడు నీళ్ళు పోసి తడికాళ్ళతో నిలబడింది. కదల్లేదు. తెల్లదాని మీద పోసి ద్వారబంధం పట్టుకుని ఒక్క కాలు ఆనించింది. సర్రున పోయింది.

సోమవారం పొద్దున త్రిమూర్తులు రాజమండ్రి బయల్దేరబోతూ గడప దగ్గర ఆగాడు.

"ఇదేంటి? ఎవడు తొక్కాడిది? ఆ దొరబాబు గాడేనా? గెలలు దించి తిన్నగా లోపలికొచ్చేశాడా? వాడికి బుద్ధి లేదు!"

"దొరబాబు మన గడప ఎప్పుడు దాటాడండీ, పాపం," అంది సత్యకుమారి.

వాలుకుర్చీలో కూర్చున్న రత్నమాణిక్యం కళ్ళజోడు సర్దుకుని లేచి వచ్చింది. వంగి చూసింది. ఒక్క క్షణం చూసి, పకాలున నవ్వింది.

"ఒరేయ్ అబ్బాయ్, దొరబాబు కాదు, నువ్వేరా! చిటికెనవేలు చూడు, పక్కవేలి మీదికెక్కి కూర్చుంది. మీ నాన్నదీ ఇంతే. ఆ వేలు నాకు తెలీదేంటి?" నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ గొంతు మారిపోయింది. "ఎన్నిసార్లు తుడిచాన్రా ఆ వేలిముద్ర... మట్టి నేల మీద పడితే పేడతో అలికేదాన్ని. గచ్చు చేశాక తోమేదాన్ని. ఇది వచ్చాక నాకు సెలవిచ్చేశారు."

అత్తగారు 'ఇది' అని తనవైపు చెయ్యి చూపించిన తీరు సత్యకుమారికి కొత్తగా అనిపించింది. అందులో పుల్లవిరుపు లేదు.

"అదేంటమ్మా, మన ఇంట్లో నేల మీద ఇలాంటి మరక ఎప్పుడూ చూళ్ళేదే నేను?" అన్నాడు త్రిమూర్తులు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"మీరు చూడకుండా ఎవరు చేశారనుకున్నారండీ?"

సత్యకుమారి గొంతు పెంచలేదు. త్రిమూర్తులు హాలంతా ఒకసారి చూశాడు. తళతళలాడుతున్న నేల. తను మురిసిపోయే నేల. అందరికీ చూపించే నేల.

"నాకు చెయ్యి విరిగింది ఈ అడుగు తుడుస్తూనే," అంది ఆవిడ. "నాకంటే విరిగింది, అతుక్కుంది. సీమంతం కాగానే అమ్మాయి వస్తుంది. తెల్లదే కావాలంటే తెల్లదే వేయించండి, నేనేమీ కాదనను. కాకపోతే తుడిచే గుడ్డ గడప పక్కన మేకుకి తగిలిస్తాను. మీకు అందేటంత ఎత్తులో."

రత్నమాణిక్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. త్రిమూర్తులు చేతిలో కారు తాళాలు అటూ ఇటూ తిప్పాడు. "చీర మార్చుకుని రా. నువ్వే చూద్దువుగాని," అన్నాడు.

షాపులో రాజేంద్ర ఎదురొచ్చాడు. "రండి సార్, వైటే కదా సార్?"

"ఆవిణ్ణి అడగండి," అన్నాడు త్రిమూర్తులు, వాచీ చూసుకుంటున్నట్టు నటిస్తూ.

సత్యకుమారి సంచిలోంచి తెల్లముక్క తీసి బల్ల మీద పెట్టింది. మరక అంటదన్న మనిషి ఆ నల్లటి పాదాన్ని గోటితో గీకి చూశాడు. తర్వాత ఆవిడ అడగడం మొదలుపెట్టింది. అంచులు లేస్తే కాలు తట్టుకుంటుందేమో, అతుకు గదుల మధ్యలో రాకుండా వేయగలరా? జిగురు వాసన వస్తుందా, కడుపుతో ఉన్న పిల్లకి పడుతుందా, ఎన్నాళ్ళ ముందు వేయించాలి? వేడి గిన్నె దింపితే? మంచం కోళ్ళు దిగబడితే? పాత టైల్స్ మధ్య గీతలు పైకి తేలకుండా ముందేం పూస్తారు? ఇన్నాళ్ళూ ఇంట్లో అందరూ నవ్విన భయాలన్నీ ఒక్కొక్కటే ప్రశ్నలై బయటికొస్తున్నాయి. రాజేంద్ర మొదట నిలబడే జవాబులు చెప్పాడు. తర్వాత కుర్చీ తెచ్చి ఆవిడకి వేశాడు. తర్వాత ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని మరీ చెప్పాడు.

"మీలా ఇంత వివరంగా ఎవరూ అడగరండి అమ్మగారూ."

"అడగాలిగా బాబూ. జారిపడేది మేం కదా."

గోధుమరంగు షీటుకి ఆర్డరిచ్చింది. వంటింటికీ హాలుకీ స్నానాల గది ముందూ. సీమంతానికి చాలా ముందే పని అయిపోవాలని, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలని చెప్పి మరీ వచ్చింది. పని జరుగుతున్నన్ని రోజులూ కుర్చీ వేసుకుని దగ్గరే కూర్చుంది. ఒక మూల షీటు కాస్త లేస్తే విప్పించి మళ్ళీ అతికించింది. గోనెపట్టాలన్నీ దులిపి మడతపెట్టి, మార్కెట్‌కి పంపేసింది.

హారతి వచ్చింది. గడప దాటి, చెప్పులు విడిచి, రెండడుగులు వేసి ఆగింది. "అమ్మా, ఏంటే ఈ నేల! కాళ్ళ నొప్పులన్నీ లాగేస్తోంది. ఎవరి సెలక్షనూ?" అని ఊయలలా ఊగుతూ వంటింటి వైపు నడిచింది.

'కింద చూసుకుని...' అనబోయింది సత్యకుమారి. మాట నాలుక చివర దాకా వచ్చింది. అక్కడే ఆపేసింది. ఆ మాట తనతో ఆగిపోవాలి.

పిల్ల ఆ మలుపు తిరిగింది. ఏమీ కాలేదు.

వాకిట్లో కుళాయి తిప్పిన చప్పుడు. త్రిమూర్తులు కాళ్ళు కడుక్కుంటున్నాడు. "మడమ కూడా రుద్దుకోరా," అంటోంది రత్నమాణిక్యం అరుగు మీంచి. ఆయన తడికాళ్ళతో లోపలికొచ్చాడు. సత్యకుమారి చేతిలోకి గుడ్డ రాలేదు. అన్నం గిన్నె ఉంది. వేడివేడి గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆ తడి అడుగుల మీదుగానే వంటింట్లోంచి హాల్లోకి నడిచింది. సగం దూరం వచ్చాక గానీ తనకి తెలియలేదు, తను కిందికి చూడడం లేదని. నేల నేల పని చేసుకుంటోంది. కాళ్ళు కాళ్ళ పని చేసుకుంటున్నాయి. మెడ నిటారుగా ఉంది. గోడలు ఇంత ఎత్తా? కిటికీ పైన ఈ వెలుతురు ఎప్పుడూ ఇలాగే పడేదా?

ఇంకొంచెం పైకి చూసింది. చూసి ఆగిపోయింది.

"ఏమండీ, ఆ ఫ్యాను కొక్కెం తుప్పు పట్టిపోయింది. హాల్లో దాని కిందే అమ్మాయికి మంచం వేశాం."

ఇంకెప్పుడైనా అయితే 'మొదలెట్టావా' అనేవాడే. త్రిమూర్తులు తలెత్తి కొక్కెం వంక చూశాడు. ఓసారి నేల వంక చూశాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఎలక్ట్రీషియన్‌ని రేపు రమ్మంటాను."

"రేపు కాదండీ, ఇవాళే," అంది సత్యకుమారి, తల దించకుండా.