శుక్రవారపు దగ్గు

హేమంతము కడపటి దినములయందు ఉద్దానసీమలో ప్రభాతము మిక్కిలి మనోహరముగ నుండును. సముద్రముమీదుగ వచ్చు చలిగాలికి నారికేళవనములు మెల్లమెల్లన తలలూచుచుండ జీడితోటల యాకులనుండి మంచునీరు బొట్లుబొట్లుగ రాలుచుండ ఇసుకబాటలపై ధవళనీహారము దట్టముగ క్రమ్ముకొనియుండ బాలభానుడు కొబ్బరిమట్టల సందులనుండి తొంగిచూచుచు జీవకోటిని మేల్కొలుపుచుండును. ఇంతటి ప్రశాంతతను ప్రతిశుక్రవారమును తప్పక భంగపరచునది కూర్మారావు కారు దగ్గు.

కూర్మారావు బాడుగకు కారు నడుపుకొని జీవించు సజ్జనుడు. కారునకు పాతికయేండ్లు నిండినవి. అతని భార్య నీలవేణి. ఆమె అన్నయగు బైరాగి జీడితోట రైతు. ఆ సీమలో పెక్కుమందివలెనే మూత్రపిండములు చెడి మంగళ శుక్రవారములయందు కూర్మారావు కారులో పట్టణమునకు పోయి యంత్రముచే రక్తము శుద్ధి చేయించుకొనిననే గాని ఊపిరి నిలువని దురవస్థలో నుండెను. ఉదయము ఏడు గంటలకు అతనికి పడక నియమింపబడెను. ఆలస్యమైనచో అది మరియొక రోగికి పోవును. మంగళవారము గుఱ్ఱమువలె పరుగెత్తు కారు శుక్రవారము వచ్చునప్పటికి నాలుగు సిలిండర్లలో నొకటి మూగవోయినట్లు దగ్గుచు తూలుచు నడుచుచుండెను. గతవారమున సరుగుడుతోపు చెంత నిలిచియే పోయెను. నాడు పడక చేజారి పాదములు పొంగి నాలుగు దినములు పరుండలేక బైరాగి కూర్చుండియే యెగశ్వాసతో గడిపెను. మరియొకసారి తప్పినచో ప్రాణమునకు పూచీ లేదని వైద్యుడు స్పష్టముగ జెప్పెను.

ఇరుగుపొరుగువారు ఊరకుందురా? కారున దయ్యము చేరెననిరి, శుక్రగ్రహదోషమనిరి, పాతయినుమునకు అమ్మివేయుమనిరి. మెకానిక్కు దాలినాయుడు మాత్రము గ్రహములకంటె తీగలను ఎక్కువగ నమ్మువాడు. అతడు ప్లగ్గులు మార్చెను. కార్బురేటరు విప్పి కడిగెను. తీగలన్నియు తడిమి చూచెను. షెడ్డునకు తెచ్చినప్పుడెల్ల కారు పరమసాధువై నిలిచి అతనిని వెక్కిరించుచున్నట్లే యుండెను. అంత నాతడు కారును విడిచి శుక్రవారమునే శోధింపదలచి తరువాతి శుక్రవారమున వెలుగురేకలు విచ్చుకొనుచుండగనే చెప్పకయే కూర్మారావు ముంగిలి చేరెను.

అచట తలంటుకొనిన జుట్టింకను ఆరని నీలవేణి బానెట్టు పైకెత్తి ఇంజనునకు కుంకుమబొట్టు పెట్టి రాగిచెంబుతో పసుపునీళ్లను దానిమీద భక్తితో కుమ్మరించుచుండెను. సగము చెంబు ఖాళీ కాగా నాయుడు గబగబ వచ్చి ఆమె నాపెను.

“ఇదెన్నాళ్ల బట్టి సేస్తన్నావమ్మా?”

“దసరా కాడ్నించి పతీ సుక్రారం బాబూ. ముందల పువ్వుతోటి నాలుగు సుక్కలే సల్లీదాన్ని. బండి మిస్సింగు కొట్టడం మొదలెట్టినాక సెంబుడూ పోస్తన్నాను. మా అన్న పానం మోసేది అదే గదా!”

నాయుడు నాలుగు ప్లగ్గులకు నిప్పురవ్వను పంచియిచ్చు డిస్ట్రిబ్యూటరు మూతను ఊడదీసి వెలుతురున పట్టిచూచెను. వెంట్రుకవాసి పగులొకటి కనబడెను, దానినిండ తడి. పొడిగనున్న దినములలో ఆ పగులు ఎవరిని బాధింపలేదు. నీరు చేరిననాడు నిప్పురవ్వ దారితప్పి దానివెంట జారిపోవుచుండెను. కారు దగ్గినకొలది ఆమె నీరు హెచ్చించెను. నీరు హెచ్చినకొలది కారు దగ్గెను. ఈ సంగతిని నాయుడు ఎంత మెత్తగ చెప్పవలెనో అంత మెత్తగ జెప్పెను.

నీలవేణి చెంబుతోడనే నేల కూలబడెను. “అయితే మా అన్నకి ఊపిరాడకుండా సేసింది నానేనా?” అని వెక్కివెక్కి యేడ్చెను. ఇన్నాళ్లును కారును తిట్టిపోయుచుండిన కూర్మారావు భార్య ముఖము చూచి వంగి ఆమెను లేవనెత్తెను. అయ్యో, ఆ యిల్లాలి దుఃఖమును చూచి కరుగనివాడు మనుష్యుడు కాడు.

నాయుడు అనుమానముతో ముందే తెచ్చుకొనిన క్రొత్తమూతను బిగించి తడియంతయు గుడ్డతో నొత్తెను. తాళము త్రిప్పినంతనే ఇంజను ఒక్క దగ్గైనను లేక సమస్వరమున పలికెను. అంతకుమున్నే చేతికర్ర ఊతముగ వచ్చి వెనుకసీటున కూర్చుండి సర్వమును వినుచుండిన బైరాగి అద్దము దించెను.

“ఏడవకే సెల్లీ. సెంబులో నీళ్లింకా ఉన్నాయేటి?”

“ఉన్నాయన్నా.”

“అయితే ఇటు సల్లు. జబ్బు నాది గాని బండిది గాదు గదా” అని అతడు కిటికీనుండి తల వంచెను.

ఆమె కిటికీ చెంతకు వచ్చి చల్లెను. దినమునకు ఇన్ని గుక్కలని కొలిచి దాహము తీర్చుకొనవలసిన ఆ రోగి నొసటినుండి పసుపునీరు చెక్కిళ్లమీదికి జారెను. కారు ఇసుకబాట దాటి పొగమంచున కలిసిపోవువరకు నీలవేణి చెవులు రిక్కించి నిలిచెను. ఒక్క దగ్గైనను వినబడలేదు.

ఏడు గంటలకు పావుగంట ముందే వారు ఆసుపత్రి చేరిరి. పడకమీద పరుండిన బైరాగి ముఖమున పసుపుచారలను జూచి నర్సు తుడువబోగా అతడు వలదని చేయి అడ్డుపెట్టెను.