తలింగి ఇంటి చాప

1996, వానాకాలం. నడిసముద్రంలోని సవాయి దీవిలో ఎండ మొహం చూసి వారాలైంది.

తలింగి ఇంట్లో ముత్తవ్వల నాటి చాప ఒకటుంది. పట్టులా మెత్తన, అంచున ఎర్ర ఈకలు. ఎండ కాస్తే తనంతట తానే పరుపు కిందనుంచి బయటికొచ్చి, మెట్లు దిగి, నల్లరాళ్ల మీద పరుచుకునేది. పొద్దువాలితే తిరిగొచ్చేది. ఎదురైనవాళ్లు పెద్దావిడకి తప్పుకున్నట్టు పక్కకి తప్పుకునేవాళ్లు. దాన్ని ఊరి ముందు పరిచిన కుటుంబానికే ఊరి పెద్ద బిరుదు. వచ్చే నెల ఆ బిరుదు తలింగి తమ్ముడు ఉయిలికి రావాలి.

ఆ చాప మీద పరుపేసి ఇంటి మగపిల్లవాణ్ని పడుకోబెట్టడం వాళ్ల ఆనవాయితీ. తలింగి కొడుకులిద్దరూ అక్కడే పడుకున్నారు. ఇద్దరూ చిన్నతనంలోనే ఊపిరితిత్తులు చెడి చనిపోయారు. ఇప్పుడు కూతురు మలాయియా కొడుకు పెసమినో పడుకుంటున్నాడు. వాడికీ దగ్గు పట్టుకుంది.

మలాయియా వాణ్ని సముద్రం దాటి ఆక్లాండ్ ఆసుపత్రికి తీసుకెళ్లి, డాక్టరు మాట మోసుకొచ్చింది. తల్లుల నుంచి మగపిల్లలకి దిగే లోపమట. బూజుని చంపే శక్తి వాడి రక్తానికి లేదట. అందరికీ ఏమీ చెయ్యని బూజు వాడి ఊపిరితిత్తుల్లో మొలుస్తుందట. రోజూ బిళ్లలు మింగాలి, కుళ్లిన ఆకులు, పాత చాపలు దగ్గరికి రానివ్వకూడదు.

మా అమ్మల చేతిపని నా మనవడికి విషమా అని తలింగి మండిపడింది. పరుపెత్తి చూస్తే చాప అడుగంతా బూడిదరంగు బూజు. పిల్లాణ్ని ఎత్తుకెళ్లి పక్కింట్లో పడుకోబెట్టింది.

తెల్లారాక చాప వానలోకే బయల్దేరింది. రాళ్ల వైపు వెళ్లలేదు. కంద దుంపలు కాల్చే పాక దాకా నడిచి, నిప్పుల ముందు ఆగింది. తలింగి కోసమే ఆగిందని అందరికీ తెలుసు.

ఉయిలి పరిగెత్తుకొచ్చాడు. “అక్కా, ఎవరికీ లేని చాప మనకుంది. పిల్లాడి దగ్గు కోసం పరువు కాల్చేస్తావా?”

“చాపలల్లడం నాకొచ్చురా తమ్ముడూ. మనవణ్ని అల్లడం రాదు.”

“ఊళ్లో ఏ మొహం పెట్టుకు తిరుగుతావు?”

“ఇదే మొహం. మన అమ్మలిచ్చింది. వాళ్లే ఈ చాపని ఇక్కడిదాకా నడిపించారు.”

చాప బుద్ధిగా చిన్నగా చుట్టుకుంది. తలింగి దాన్ని రెండు చేతులా ఎత్తి, ఊరంతా చూస్తుండగా, తల దించకుండా నిప్పుల్లో పెట్టింది.

పెసమినో బిళ్లలు మింగుతూనే పెరిగాడు. ఇప్పుడు సొంత పడవలో చేపలకి వెళ్తాడు.

చాప లేక బిరుదు వంశంలో ఇంకో శాఖకి పోయింది. ఉయిలి చనిపోయేదాకా ఊరి సభలో, బిరుదు లేనివాళ్లు కూర్చునే వెనక స్తంభం దగ్గరే కూర్చున్నాడు. అక్కతో మళ్లీ మాట్లాడలేదు.