వాన పడని గది

పొద్దున్నే లేచి అక్క మొట్టమొదట చేసే పని, షాపులో కాగితాల మీద ప్లాస్టిక్ పట్టా కప్పడం. కింద బైండింగ్ షాపు, పైన కాపురం. కుట్టాల్సిన పుస్తకాలు, అట్టలు, దారపు ఉండలు అన్నీ పట్టా కిందకి చేరాక, మెట్ల దగ్గరా వంటింట్లోనూ బక్కెట్లు పెట్టి, అప్పుడు టీ పెట్టుకునేది. చెల్లెలు లేచేలోపు ఇదంతా అయిపోవాలి. లేచాక ఏ క్షణాన ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

చెల్లెలికి దుఃఖం వస్తే ఆమె ఉన్నచోట వాన పడేది. కన్నీళ్ళ మాట కాదు, పైకప్పు కింద నిఖార్సయిన వాన. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే ఇంటా బయటా ఆమెను మబ్బు అనే పిలిచేవాళ్ళు. వీధిలోవాళ్ళు గుమ్మంలో నిలబడి, గొడుగు తెచ్చుకోవాలా అక్కర్లేదా అని అడిగి మరీ లోపలికి వచ్చేవాళ్ళు.

మబ్బు చెడ్డది కాదు. ఎర్రటి, పచ్చటి బట్టల్లో మెట్లు దిగివస్తే షాపుకే వెలుగొచ్చేది. రెండుసార్లు వచ్చిన ఖాతాదారుడు ఆమెకి తోడబుట్టినవాడితో సమానం. మూడోసారి అతను ఆమె పేరు మర్చిపోతే మాత్రం జల్లు మొదలయ్యేది. టీ చల్లారితే చినుకులు. తలనొప్పి వస్తే మెదడులో ఏదో పుట్టిందని కుంభవృష్టి. బస్సులో ఎవరో నవ్వారని సాయంత్రమంతా ప్రేమ కబుర్లు చెప్పేది, వారం తిరక్కుండా ఆ ప్రేమ కూడా బక్కెట్లలోకి చేరేది. "నేను చచ్చిపోతాను, అప్పుడు తెలుస్తుంది మీకు" అని ఆమె అన్న రోజుల్లో గాలివానే. మొదట్లో అందరూ పరిగెత్తేవాళ్ళు. తర్వాత తర్వాత ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో అన్నం తినడం నేర్చుకున్నారు. బస్సు డ్రైవరైన బావ, తడిసిన యూనిఫాం పిండుకుంటూ, ఈ కొంపలో గోరంత బాధకి కొండంత వాన అని గొణుక్కునేవాడు. మబ్బుకి బట్టల కొట్లో ఉద్యోగం కుదిరినట్టే కుదిరి, తానులన్నీ తడిసి ముద్దయ్యాక ఊడింది.

ఇన్నిటినీ భరించిన అక్క, మాస్టారి విషయంలో మాత్రం భరించలేకపోయింది.

రిటైరైన ఆ మాస్టారు, పోయిన భార్య చేత్తో రాసుకున్న పాటలు పుస్తకంగా కుట్టించుకోవడానికి వచ్చాడు. పట్టా తీసి, బల్ల మీద కాగితాలు పరిచి, ఏ పాట ఎప్పుడు రాసిందో ఒక్కొక్కటే అక్కకి చెబుతున్నాడు. మబ్బు కొత్త బట్టలతో దిగి వచ్చింది. ఆయన తలెత్తలేదు. గట్టిగా నవ్వింది. తలెత్తలేదు. కళ్ళు తిరుగుతున్నాయంటూ కుర్చీలోకి జారింది. ఆయన ఒకసారి చూసి, "మంచినీళ్ళివ్వండమ్మా" అని మళ్ళీ పాట దగ్గరికే వెళ్ళాడు.

అంతే, కుండపోత. అక్క పట్టా లాగేలోపే సిరా కారిపోయింది. మబ్బు ఆయన కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంటే వాన ఇంకా పెరిగింది. మాస్టారు తడి కాగితాలు పోగుచేసుకుని, గుండెకి హత్తుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వీధిలో కనిపించలేదు.

మర్నాడు అక్క చెల్లెల్ని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మబ్బుతో చాలాసేపు విడిగా మాట్లాడాడు. అక్కని పిలిచేసరికి ఆయన కుర్చీ గది మూలకి జరిగి ఉంది, కోటు భుజాలు తడిగా ఉన్నాయి.

"అదంతా నటనే కదా డాక్టరు గారూ?" అని అడిగింది అక్క.

"చూసేవాళ్ళకి నటనే. ఆమెకి కాదు. ఎవరూ తనవైపు చూడకపోతే తను అక్కడ లేనట్టే అనిపిస్తుంది. ఆ భయం నిజమైనదేనమ్మా."

ఇదొక వ్యక్తిత్వ రుగ్మత అనీ, పొగరు కాదు, అబద్ధమూ కాదనీ చెప్పాడు. మొదటి వాన ఎప్పుడు పడిందో గుర్తుందా అని అడిగాడు. అక్కకి గుర్తుంది. తమ్ముడు జబ్బుతో మంచాన పడి ఉన్న రోజులు. అమ్మకి వాడి నుదురు తప్ప మరేదీ కనిపించేది కాదు. మబ్బు చిన్నపిల్ల. ఎక్కడో పడి, మోకాలు చీరుకుపోయి, రక్తంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మ తిరిగి చూడలేదు. అలా ఎంతసేపు నిలబడిందో, ఉన్నట్టుండి గదిలో వాన మొదలైంది. అప్పుడు లేచింది అమ్మ. మబ్బుని ఎత్తుకుంది. తమ్ముడు దక్కలేదు. అమ్మ మళ్ళీ మనుషుల్లో పడలేదు. వాన పడినప్పుడు మాత్రం లేచి వచ్చేది.

అంతా విని డాక్టరు చెప్పాడు. "ఆమెని ప్రతివారం పంపండి. వాన పడినప్పుడు పరిగెత్తకండి. పడనప్పుడు వెళ్ళి పక్కన కూర్చోండి."

అందులో మొదటి సగం తేలిక. అక్కా, బావా పట్టుదలగా పాటించారు. ఎంత కురిసినా ఎవరూ తల తిప్పలేదు. రెండో సగానికి తీరిక దొరకలేదు. వాన లేదంటే కాగితాలు పరుచుకోవచ్చు, జిగురు ఆరుతుంది, పని సాగుతుంది. అలాంటి పూట పైకెళ్ళి కూర్చునేదెవరు?

వాన తగ్గుతూ వచ్చింది. గోడల చెమ్మ ఆరింది. బావ మొహం విప్పారింది. మబ్బు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసింది. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు. కిందకి దిగడం కూడా తగ్గించింది. నెమ్మది వచ్చిందిలే అనుకుంది అక్క.

ఒక మధ్యాహ్నం, స్కూలు వాళ్ళ పుస్తకాలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలని అక్క గబగబా కుడుతోంటే దారం అయిపోయింది. ఉండ కోసం పైకి వెళ్ళింది. మబ్బు వెలిసిపోయిన పాత గౌనులో, తల దువ్వుకోకుండా, గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది.

"అక్కా, నాకు బతకాలని లేదు."

"మళ్ళీ మొదలెట్టావా? ఇవాళ నాకు ఊపిరి సలపడం లేదు" అంటూ అక్క దారం అందుకుని వెనక్కి తిరిగింది. అలవాటుగా చెయ్యి తల మీద అడ్డం పెట్టుకుంది.

చేతి మీద చినుకు పడలేదు.

తలెత్తి చూసింది. పైకప్పు ఎండిన మట్టిలా ఉంది. ఎన్ని వందలసార్లో విన్న మాట అది. పొడిగా వినడం ఇదే మొదటిసారి. అక్క వెళ్ళి పక్కన కూలబడింది.

"ఎప్పటి నుంచి ఇలా?"

"తెలీదు. వాన రావట్లేదు అక్కా. ప్రయత్నించాను. వస్తే మీలో ఎవరైనా పైకి వస్తారు కదా అని."

"వచ్చాను కదే."

"దారం కోసం వచ్చావు."

అక్క ఉండ నేల మీద పెట్టి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. కింద స్కూలు వాళ్ళు వచ్చి పిలిచారు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. అక్క కదల్లేదు. బావ డ్యూటీ దిగి వచ్చేదాకా అలాగే కూర్చుంది. ముగ్గురూ కలిసి ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు మబ్బుతో మాట్లాడి బయటికొచ్చి, ఇవాళ తీసుకురావడం మంచిదైంది అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. చెప్పమని అడిగే ధైర్యం అక్కకి లేకపోయింది.

కొన్నాళ్ళు ఆస్పత్రిలోనే ఉంచారు. స్కూలు వాళ్ళు పుస్తకాలు వేరే షాపుకి పట్టుకుపోయారు. మబ్బు తిరిగొచ్చాక వేరే మనిషేమీ అయిపోలేదు. ఎర్ర బట్టలు, అలకలు, ప్రేమలు మెల్లగా వెనక్కి వచ్చాయి. వాటి వెంట వానా వచ్చింది. బావ మళ్ళీ గొణుగుతున్నాడు. వాన పడుతోంటే అక్క పట్టా కప్పుకుని కింద కుట్టుకుంటూనే ఉంటుంది. ఇల్లు పొడిగా, చప్పుడు లేకుండా ఉన్న పూట మాత్రం సూది పక్కన పెట్టి మెట్లెక్కుతుంది.

ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎక్కిన ప్రతిసారీ మబ్బు అనుమానంగా చూసి అడుగుతుంది.

"దేనికొచ్చావక్కా?"

"ఊరికే" అంటుంది అక్క, గోడకి ఆనుకుని కూర్చుంటూ.