మొదట చిన్న గిన్నెలు

మొదట చిన్న గిన్నెలు మోగుతాయి.

గ్లాసులు, గరిటెలు, పై అరలో వరసగా పేర్చిన ఉగ్గుగిన్నెలు. సన్నగా, వణుకుతూ. తరువాత బిందెలు. తరువాత, ఒక్క ఊపిరి తీసుకునేంత ఆగి, చప్పుడు వస్తుంది.

ఊరి పక్క గనిలో బొగ్గు పేల్చిన చప్పుడు.

చంద్రపూర్‌లో రోజూ మధ్యాహ్నం మూడింటికి ఇంతే. నేల ముందు చెబుతుంది, గాలి తరువాత చెబుతుంది. బజారులో ఎవరూ బేరం ఆపరు. టీ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెడతారు, నుసి పడకుండా.

ముందు గది సుదర్శన్ స్టీలు గిన్నెల దుకాణం. వెనక గది కాపురం. మధ్యలో ఒక పరదా.

పరదా వెనక కాంతమ్మ చేతులు.

అదొక అలవాటు ఆ ఇంట్లో. పెద్ద చప్పుడు వచ్చేలోపు పసిబిడ్డ చెవులు రెండూ మూయాలి, జడుసుకోకుండా. ఉరుములకి కాంతమ్మ తన కూతురు కమలాక్షి చెవులు మూసింది. చివరివాడు సుదర్శన్ చెవులు మూసింది. కమలాక్షి కూతురు జయ చెవులు మూసింది. ఇప్పుడు గని పేలుళ్లకి జయ కొడుకు శ్రేయస్ చెవులు మూస్తోంది.

జయని మేనమామకే ఇచ్చారు. సుదర్శన్‌కే. కాబట్టి అమ్మమ్మే అత్త. మొగుణ్ణి జయ ఇప్పటికీ మామా అనే పిలుస్తుంది.

"బయటి పిల్ల మనకెందుకు? నా బిడ్డ బిడ్డ నా ఇంటికే వచ్చింది," అని కాంతమ్మ పెళ్లి పందిట్లో అందరికీ చెప్పుకుంది.

పక్క దుకాణంలో ఎస్‌టీడీ బూత్ పెట్టిన ఏడు పెళ్లి. సుదర్శన్ నాన్‌స్టిక్ పెనాలు తెప్పించిన ఏడు శ్రేయస్.

శ్రేయస్ మెత్తగా ఉండేవాడు.

ఎత్తుకుంటే తడి తువ్వాలులా జారిపోయేవాడు. నుదురు ఎత్తు. మాడు వెడల్పు. కాంతమ్మ రోజూ దాని మీద ఆముదం అద్దేది. "ఫికర్ జేయకు, మూసుకుంటది," అనేది. మాడు ఆమె వేళ్ల కింద కొట్టుకుంటూ ఉండేది... మూసుకునేది కాదు.

రొమ్ము అందుకోలేకపోయేవాడు. ఉగ్గుగిన్నెతో పోస్తే సగం పాలు మెడ మీదికి. ఆ గిన్నె మీద సుదర్శనే మిషనుతో పేరు కొట్టాడు, మరాఠీ అక్షరాల్లో. ఆయనకి తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు.

ఏడ్చేవాడు కాదు.

"ఎంత నెమ్మది పిలగాడు. తల్లిని అస్సలు సతాయిస్తలేడు," అనేవాళ్లు చూడవచ్చినవాళ్లు.

జయ గర్వపడింది. ఆ గర్వం తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఐదో నెలలో ఒకరోజు కాంతమ్మ రేషన్ లైనులో చిక్కుకుపోయింది. మూడైంది. చిన్న గిన్నెలు మోగాయి. రొట్టెల పిండి కలుపుతున్న జయ పరుగెత్తింది. వాడి చెవులు అందడానికి రెండడుగులు తక్కువయ్యాయి.

చప్పుడు వచ్చింది.

కిటికీ అద్దం అదిరింది. పక్కింటి చంటిది గుక్కపట్టి ఏడ్చింది. శ్రేయస్ కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప కదలలేదు.

జయ అలాగే నిలబడింది. తరువాత ఒక ఖాళీ బిందె తెచ్చి, వాడి తల దగ్గర పెట్టి, గరిటెతో కొట్టింది. మళ్లీ కొట్టింది.

"ఏందే జయా, ఏం జేస్తున్నవ్?" పరదా అవతల నుంచి సుదర్శన్.

ఆమె కొడుతూనే ఉంది. పిండి రాలుతూనే ఉంది.

ఐదు నెలలు రోజూ మూసిన చెవులు. వినని చెవులు. ప్రేమగా మూశారు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

నాగ్‌పూర్‌లో డాక్టరు రక్తం తీసి బొంబాయి పంపాడు. నెలన్నరకి కాగితం వచ్చింది. జబ్బు పేరు పొడుగు. జయకి నోరు తిరగలేదు.

డాక్టరు ఓపిక ఉన్న మనిషి. మీదేం వ్యాపారం అని అడిగి, గిన్నెలతోనే చెప్పాడు. ఒంట్లో ప్రతి కణంలోనూ కంటికి కనిపించని చిన్న చిన్న గిన్నెలుంటాయి. ఒంటికి పనికిరాని కొవ్వు వాటిలో పడి విరిగిపోవాలి. మెదడుకి కావలసినవి కొన్ని వాటిలో తయారు కావాలి. ఈ బిడ్డలో ఆ గిన్నెలు సరిగా తయారు కాలేదు. ఉన్నవాటికి అంచులున్నాయి, లోపల సరుకు లేదు. మెత్తదనం అందుకే. చెవులు అందుకే. పాడవుతున్న కాలేయం అందుకే.

మందు లేదు. ఏడాది నిండడం కష్టం.

తరువాత ఆయన ఒక తెల్లకాగితం మీద గీతలు గీశాడు. పైన కాంతమ్మ, ఆమె భర్త. వాళ్ల నుంచి ఒక గీత కమలాక్షి మీదుగా జయకి. ఇంకొకటి తిన్నగా సుదర్శన్‌కి. రెండూ కిందికి వచ్చి శ్రేయస్ దగ్గర కలిశాయి. ఒక వైపు నుంచే వస్తే ఈ లోపం మనిషికి తెలియనే తెలియదు. రెండు వైపుల నుంచీ వస్తేనే జబ్బు. ఈ దంపతులకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు భయం.

"నాకు మూడో నెల," అంది జయ.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కడుపులో ఉండగా చూసే పరీక్ష ఇక్కడ లేదన్నాడు.

ఇంటికి వచ్చి సుదర్శన్ అంతా చెప్పాడు. కాంతమ్మ ఆ కాగితం అందుకుంది. చదవడం రాదు. గీతలు చూసింది.

"నాకు గుడ ఒకడుండె," అంది. "సుదర్శన్ కంటె ముందు. గిట్లనే మెత్తగ... ఎనిమిది నెలలు బతికిండు. నా పాలు మంచిగ లెవ్వని మా అత్త అన్నది. నేను గట్లనే అనుకున్న, ఇన్నేండ్లు."

"మాకెందుకు చెప్పలేదు అమ్మమ్మా?"

"నా పాలల్ల ఇసముండెనని చెప్పుకోవాల్నా బిడ్డా?"

జయకి కోపం వచ్చింది. జాలి కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో ఆమెకే తెలియలేదు. లేచి వెళ్లి శ్రేయస్ మాడు మీద తనే ఆముదం అద్దింది.

పుట్టిన తొమ్మిదో నెల చివర్లో, ఒక ఉదయం, ఫ్యాను తిరుగుతుండగా శ్రేయస్ పోయాడు.

దుకాణం మూడు రోజులు మూశారు. పేరు కొట్టిన ఉగ్గుగిన్నెని సుదర్శన్ పై అరలో, అన్నిటికీ వెనక పెట్టాడు. మూడింటికి మిగతావాటితో పాటు అదీ మోగేది. జయకి దాని మోత వేరుగా తెలిసేది.

ఆమె దేవుణ్ణి ఒకటే కోరింది. సతాయించే బిడ్డ కావాలి. ఉలిక్కిపడే బిడ్డ, ఊరంతా లేచేలా ఏడ్చే బిడ్డ.

పాప పుట్టింది.

ఏడ్చింది... కొంచెం. పాలు తాగుతోంది... ఆగి ఆగి. మాడు మెత్తగా ఉంది. పసిపిల్లలందరికీ అంతే అంది నర్సు. చెయ్యి ఎత్తి వదిలితే ఒకసారి పడిపోతుంది, ఒకసారి నిలుస్తుంది. జయ రోజుకి వందసార్లు ఎత్తి వదిలింది. నాగ్‌పూర్ డాక్టరు నెల నిండాక తీసుకురమ్మన్నాడు.

నెల చాలా దూరం. మధ్యాహ్నం మూడు గంటలు దగ్గర.

ఐదో రోజు పాపని ఇంటికి తెచ్చారు. సుదర్శన్ కొత్త ఉగ్గుగిన్నె తీసి తుడిచి పెట్టాడు. ఏం పేరు కొట్టాలని అడగలేదు. మిషను తీగ చుట్టి పక్కన పెట్టేశాడు.

పరదా తీసి ఉంది. ఉన్న ఒక్క గిరాకీనీ పంపేసి సుదర్శన్ గుమ్మంలో నిలబడ్డాడు. పాప జయ ఒళ్లో నిద్రపోతోంది. ఎదురుగా కాంతమ్మ. మూడు కావస్తోంది. గోడ గడియారం మాట్లాడుతోంది.

పై అరలో చిన్న గిన్నెలు మోగాయి.

కాంతమ్మ చేతులు వాటంతటవే లేచాయి. పాప చెవుల దాకా వచ్చాయి.

"వద్దు అమ్మమ్మా," అంది జయ.

చేతులు అక్కడే ఆగాయి. ముసలామె వాటిని మెల్లగా వెనక్కి తీసుకుంది. తీసుకుని, తన చెవులు మూసుకుంది.

బిందెలు మోగాయి.

జయ పాప రెప్పల వైపే చూస్తూ ఊపిరి బిగబట్టింది.