మోచేతి కాపలా

బస్సు డ్రైవరు గురకకు ఇరుగుపొరుగు అలవాటు పడిపోయారు గానీ, ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోవడానికి భార్య ఎన్నడూ అలవాటు పడలేదు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగేది. ఆమె మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచేది. ఆయన ఉలిక్కిపడి లేచి గాలి పీల్చుకునేవాడు. ఆ తర్వాత నిద్ర పట్టక తెల్లారేదాకా దొర్లేవాడు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ కాపలా, కూతురు కాలేజీకి వచ్చినా ఆగలేదు.

డిపోలో వైద్య పరీక్షలు చేసి ఆయన్ని స్టీరింగు ముందు నుంచి లేపేశారు. నిద్ర సరిగ్గా పడుతోందని డాక్టరు రాసిస్తేనే మళ్ళీ బస్సు. అంతదాకా విచారణ కౌంటర్లో కూర్చుని, తను తోలాల్సిన బస్సు ఎప్పుడొస్తుందో జనానికి చెప్పడమే పని. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు. కుట్టుమిషను తొక్కుతూ ఆ మొహం చూస్తే ఆమె కుట్టు వంకర పోయేది.

నిద్ర డాక్టరమ్మ ఆయన ముక్కుకో మాస్కు, దానికో గాలి మిషను, చేతికి నిద్రను కనిపెట్టే వాచీ తగిలించింది. నిద్ర మాత్రలు లేవు, నియమాలున్నాయి. నిద్ర ముంచుకొస్తే తప్ప మంచమెక్కకూడదు, పట్టకపోతే లేచి కుర్చీలోకి పోవాలి, పగలు కునుకు తీయకూడదు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్న మహానుభావుడెవరో గానీ, మొహానికి గొట్టం తగిలించుకుని పడుకుని ఉండడు. అయినా డ్రైవరు ఎర్రలైటు దగ్గర ఆగినంత బుద్ధిగా అన్నీ పాటించాడు.

ఫలితం మాత్రం సున్నా. డాక్టరమ్మ కంప్యూటర్లో గీతలు చూసి తల గోక్కుంది.

"ఊపిరి ఎక్కడా ఆగట్లేదు, మిషను బాగానే పనిచేస్తోంది. మరి ఈయన ఇన్నిసార్లు ఎందుకు లేస్తున్నారు? లేచిన ప్రతిసారీ ముందు ఒక కుదుపు కనిపిస్తోంది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ వాచీ పట్టేసింది.

"నేనేనమ్మా," అంది భార్య తల దించుకుని. "మిషను పెట్టాక గురక లేదు. గురక లేదంటే ఊపిరాగిందనే నాకు తెలుసు. భయమేసి పొడుస్తున్నా."

డ్రైవరు నోరెళ్ళబెట్టాడు. "ఇప్పుడు కూడా నువ్వేనా? నేనింకా కలలో బస్సును గోతిలో దింపాననుకుంటున్నా!"

డాక్టరమ్మ నవ్వాపుకుని, "కొన్నాళ్ళు వేరే గదిలో పడుకోగలరా?" అని అడిగింది.

ఆయన్ని బస్సెక్కించాలని తపించిపోతూ, తనే కాలు పట్టి కిందికి లాగుతోందన్నమాట. ఆమెకు ఏడుపొచ్చింది. "పడుకుంటానమ్మా. కానీ నేను పక్కన లేనప్పుడు ఆగిపోతే?"

"వేరే గదీ వద్దు, ఏమీ వద్దు," అన్నాడు డ్రైవరు. "తను లేకపోతే నాకు అసలు నిద్రే పట్టదు."

"అయితే మోచెయ్యి మానేసి, అరచెయ్యి ఆయన వీపు మీద ఉంచండి," అంది డాక్టరమ్మ. "వీపు కదులుతుంటే ఊపిరి ఆడుతున్నట్టే. కదలకపోతేనే లేపండి."

చెప్పినంత తేలికా? అరచేతి కింద వీపు లేస్తూ దిగుతూనే ఉన్నా, ఆమె మోచెయ్యి ఊరుకునేది కాదు. పంటి బిగువున ఓర్చుకుంది. మెల్లగా వాచీలో కుదుపులు పోయాయి, ఆయన మొహం తేటపడింది, డాక్టరమ్మ సంతకం పెట్టింది.

మళ్ళీ బస్సెక్కిన మొదటి రోజు ఉదయం డ్రైవరు వెనక సీటు భార్యదే. ఆయన గేరు మార్చిన తీరు చూసి మురిసిపోయింది. రెండు స్టాపులు దాటేసరికి ఆమె తల కిటికీకి వాలిపోయింది. చివరి స్టాపులో అందరూ దిగినా ఆమెకు మెలకువ రాలేదు. కండక్టరు భుజం తట్టబోయాడు.

"లేపకు," అన్నాడు డ్రైవరు గబగబా లేచి వచ్చి. ఆమె ఒళ్ళోంచి జారుతున్న సంచీని పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. "నేను బతికున్నానో లేదో చూసుకుంటూ ఇన్నేళ్ళూ మేలుకునే ఉంది. తిరుగు ట్రిప్పుకి కూడా టిక్కెట్టు కొట్టు, డబ్బులు నేనిస్తా. పడుకోనీ."